హన్మకొండ నుంచి అండమాన్ పాపింగ్ ట్రిప్: బోటు, రాడ్, దారం, డ్రాగ్ అన్నీ అడుగుతున్న

ధర్మసాగర్_గాలం

అన్నలందరికీ నమస్తే. హన్మకొండ, కాజీపేట నుంచి నలుగురం ఫిబ్రవరి చివర్ల అండమాన్ పోదామనుకుంటున్నం. మూడు రోజులు బోటు మీదనే పాపింగ్, అంటే నీళ్ల మీద చప్పుడు చేసే పాపర్ అనే కొయ్య ఎర విసిరి పట్టుడు. గురి పెద్ద పార మీద, అదే జెయింట్ ట్రెవల్లీ, అందరు జీటీ అంటరు గదా. వీలైతే లోతుల జిగ్గింగ్ (జిగ్ అనే లోహపు ఎరను అడుగుకు దించి, గుంజుకుంట పట్టుడు) గూడ. నలుగురికీ కొర్రమట్ట కాస్టింగ్ మంచిగనే వచ్చు, సముద్రం మాత్రం కొత్త.

బోటు మాట్లాడేటప్పుడు ఏమేం అడగాలె? రాడ్లు కొనుక్కోవాల్నా, బోటోళ్ల దగ్గర కిరాయికి తీస్కోవాల్నా? పోయేలోపు ఇంటికాడ ఏం ప్రాక్టీస్ చేయాలె? కొలతలతోని చెప్పున్రి.

ఓరుగల్లు బెండు

తమ్మీ, ముందు బోటు తేల్చుకోన్రి, రాడ్ల ముచ్చట తర్వాత. ఫోన్ల రేటు అడిగే ముందు ఇవి అడుగున్రి.

ఇంజన్లు ఒకటా, రెండా? తీరం నుంచి 40–50 కిలోమీటర్లు పోయే బోటుకు రెండు అవుట్‌బోర్డులు ఉండాలె. ఒకటి ఆగినా రెండోదానితోని మెల్లగ ఒడ్డుకు రావచ్చు. ఇంకో మాట గూడ అడగాలె: రెండు ఇంజన్లకు ట్యాంకు, ఫిల్టరు వేర్వేరుగ ఉన్నయా? ఒక్కటే ట్యాంకు ఉండి దాంట్ల నీళ్లు చేరితే రెండు ఇంజన్లూ ఒక్కసారే ఆగుతయి, రెండు పెట్టుకున్న లాభం ఉండది.

వీహెచ్ఎఫ్ రేడియో పనిచేస్తదా? ఆపదల పిలిచే చానల్ 16. లైఫ్ జాకెట్లు మనిషికొకటి, ఒంటికి సరిపోయేటివి. కోస్ట్ గార్డ్ సహాయ నంబర్ 1554 అందరి ఫోన్లల్ల ఉండాలె గానీ, పెద్ద దీవులు దాటినంక సిగ్నల్ ఉండది, అందుకే రేడియో ముఖ్యం. మీరు సొంతంగ గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి ఉపగ్రహ పరికరం మాత్రం తీస్కపోవద్దు. టెలికాం శాఖ అనుమతి లేకుండ మన దేశంల అది నేరం, ఎయిర్‌పోర్టులనే ఆపుతరు.

ఇంధనం ఎంత దూరం వరకు రేటుల కలిసి ఉన్నది? దాటితే లీటరు లెక్కనా, గంట లెక్కనా? గాలి లేచి బోటు పోకపోతే పైసలు వాపస్ ఇస్తరా, రోజు మారుస్తరా? కిరాయి రాడ్ విరిగితే, పాపర్ తెగి పోతే ఎవరు కట్టాలె? ఇవన్నీ వాట్సాప్‌ల రాతపూర్వకంగ తీస్కోన్రి. బోటు రిజిస్ట్రేషన్, వేటకు మత్స్యశాఖ అనుమతి కాగితాల ఫొటోలు గూడ అడుగున్రి. అన్నీ సక్కగ ఉన్నోళ్లు అడిగిన వెంటనే పంపిస్తరు.

ఒక బోటుకు ఎంతమంది? 26–28 అడుగుల బోటు మీద నలుగురు సరిపోతరు. అయినా నలుగురు ఒక్కసారి పాపర్లు విసరలేరు. ముందు ఒకరు, వెనక ఒకరు విసరాలె, మిగిలిన ఇద్దరు జిగ్గింగ్ చేసుడో, కూసుండుడో. 150 గ్రాముల కొయ్యముక్కకు రెండు పెద్ద గాలాలు ఉంటయి, అది మనిషి తల పక్కనుంచి పోతే ఏమైతదో చెప్పనక్కర్లేదు. విసిరే ముందు "కాస్ట్" అని గట్టిగ అనాలె, వెనక చూడాలె.

ఓరుగల్లు బెండు

టైం గురించి రాసుడు మర్చిపోయిన. ఫిబ్రవరిల అక్కడ ఆరు లోపే తెల్లారుతది, సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతది. మన దగ్గర ఆరు దాటినా వెలుతురు ఉంటది గదా, ఆ లెక్కల ఉంటే సాయంత్రం వేట పోగొట్టుకుంటరు. పొద్దున ఆరింటికి జెట్టీ వదిలే బోటు కావాలె, తొమ్మిదింటికి వదిలేది వద్దు.

బారెన్ దీవి (అగ్నిపర్వతం ఉన్నది) తీస్కపోతమని చెప్తే దూరం లెక్క వేసుకోన్రి. శ్రీ విజయపురం, అంటే పాత పోర్ట్ బ్లెయిర్ నుంచి అది దాదాపు 138 కిలోమీటర్లు, 75 నాటికల్ మైళ్లు. 20 నాట్ల (గంటకు 20 నాటికల్ మైళ్లు పోయే) బోటుకు ఒక్క వైపే 3 గంటల 45 నిమిషాలు, 8 నాట్ల పెద్ద పడవకు తొమ్మిది గంటల పైనే. ఒక్క రోజుల పోయి వచ్చుడంటే వేటకు మిగిలేది నాలుగు గంటలే, మిగతాదంతా నడుం నొప్పి. రాత్రి పడవ మీద పడుకునే ట్రిప్ అయితేనే ఒప్పుకోన్రి. దీవి మీద ఎట్లాగూ దిగనియ్యరు.

నార్త్ సెంటినల్ దీవి చుట్టూ 5 నాటికల్ మైళ్ల లోపలికి పోవద్దు. వండూర్ దగ్గర మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కుల గాలం వేయద్దు. "ఎవరు చూస్తరు" అన్న బోటు మనిషితోని పోవద్దు.

మానేరు కట్ట

రాడ్ల మాటకొస్తే, మొదటి ట్రిప్‌కు నలుగురు నాలుగు సెట్లు కొనడం అనవసరం. కానీ కిరాయి సెట్ మీద గుడ్డి నమ్మకం కూడా వద్దు. నా సలహా ఇది: రాడ్, రీల్ కిరాయికి తీసుకోండి. దారం, లీడర్ (దారం కొసన, ఎర ముందు కట్టే లావు దారం), గాలాలు, స్ప్లిట్ రింగులు (గాలాన్ని ఎరకు తగిలించే రింగులు) మాత్రం మీవి తీసుకుపోండి. చేప పోయేది ఈ చిన్న వస్తువుల దగ్గరే.

కొనేటట్టయితే పాపింగ్ రాడ్ 7 అడుగుల 6 అంగుళాల నుంచి 8 అడుగుల 2 అంగుళాల మధ్య, పీఈ 6–8 (పీఈ అంటే అల్లిన దారం లావు చెప్పే అంకె), పాపర్ బరువు 150 గ్రాముల దాకా మోసేది. రీల్ 14000 నుంచి 20000 సైజు, ఉప్పునీటి కోసం సీల్ చేసినది. షిమానో సరగోసా 20000 తరహా రీల్ మొదటిసారికి సరిపోతుంది, స్టెల్లా, సాల్టిగా దాకా పోనక్కర్లేదు. దారం పీఈ 8, కనీసం 300 మీటర్లు. లీడర్ నైలాన్ మోనో 130–170 పౌండ్లు, మీటరున్నర. పాపింగ్‌కు ఫ్లోరోకార్బన్ వద్దు, గట్టిగా ఉంటుంది, ముడి సరిగ్గా కూర్చోదు, పాపర్ ముక్కు కిందికి లాగుతుంది. జిగ్గింగ్‌కు మాత్రం ఫ్లోరోకార్బన్ మంచిది, 80–100 పౌండ్లు, 4–5 మీటర్లు. రాళ్లకు రాసుకున్నా తట్టుకుంటుంది.

పాపర్లు మనిషికి మూడు, తేలే స్టిక్‌బెయిట్లు (చప్పుడు లేకుండా ఈదే సన్నని ఎరలు) రెండు. గాలి ఉండి నీళ్లు చెదిరినప్పుడు పాపర్, నీళ్లు అద్దంలా ఉన్నప్పుడు స్టిక్‌బెయిట్. గాలాలు మార్చితే స్టిక్‌బెయిట్ తేలే తీరు మారిపోతుంది. ఇంట్లో నీళ్ల డ్రమ్ములో వేసి చూడండి: తోక మునిగి, ముక్కు నీటిపైన ఉండాలి. పూర్తిగా మునిగితే గాలం బరువు ఎక్కువైనట్టు. చిన్న పని, కానీ అక్కడికి పోయాక సవరించే అవకాశం ఉండదు.

ములుగు_కొర్రమట్ట

అన్నా, కొర్రమట్టకు వాడే రాడ్, పీఈ 3 దారం ఉన్నయి. అవి పనికొస్తయా?

మానేరు కట్ట

పాపింగ్‌కు పనికిరావు తమ్ముడూ. లైట్ జిగ్గింగ్‌కు, అంటే 40–80 గ్రాముల జిగ్, 30–40 మీటర్ల లోతు, చిన్న గ్రూపర్లు, స్నాపర్ల కోసం వాడొచ్చు. రీల్ సీల్ లేనిదైతే ఒక్క ట్రిప్‌తోనే బేరింగులు తుప్పు పడతాయి. అది తెలిసి తీసుకుపో.

గోదావరిఖని_రీల్

డ్రాగ్, అంటే చేప ఎంత గట్టిగ గుంజితే రీల్ దారం వదలాల్నో పెట్టే బ్రేకు, దాని గురించి ఎవరు రాయలేదు కాబట్టి నేను వివరంగ రాస్త. జీటీ పోయేది గాలం మింగినంక మొదటి పది సెకన్లల్లనే. పాపర్ కొట్టంగనే తల తిప్పి పగడపు దిబ్బ మీదికే ఉరుకుతది. దారం ఒక్కసారి రాయికి తగిలితే పీఈ 8 అయినా, పీఈ 10 అయినా దూది దారం లెక్క తెగుతది. అందుకని డ్రాగ్ ముందే కొలిచి పెట్టాలె, చేప పడ్డంక చేతితోని తిప్పుదమంటే టైం ఉండది.

కొలిచే పద్ధతి. కూరగాయల దుకాణంల వేలాడదీసి తూకం వేసే డిజిటల్ తరాజు తీస్కోన్రి, 50 కిలోలది. దాని కొక్కేన్ని యాప చెట్టుకు తాడుతోని కట్టున్రి. రీల్‌ను రాడ్‌కు బిగించి, దారం అన్ని గైడ్లల్లనుంచి తీసి తరాజుకు కట్టున్రి. రాడ్ 45 డిగ్రీల కోణంల పట్టుకొని మెల్లగ వెనక్కి నడవాలె. దారం మొదలు కదిలేటప్పుడు చూపించే అంకె కాదు, సాఫీగ జారుతున్నప్పటి అంకె చూడాలె. ఈ రెండు అంకెల మధ్య తేడా 2 కిలోలు దాటితే డ్రాగ్ వాషర్లు ఎండిపోయినట్టు, గ్రీజు కావాలె. రాడ్ లేకుండ రీల్ నుంచి నేరుగ కొలిస్తే అంకె తక్కువ వస్తది, గైడ్ల రాపిడి అందుల లెక్కకు రాదు.

పీఈ 8 దారం తెగే బలం కంపెనీని బట్టి 80–100 పౌండ్లు, అంటే 36–45 కిలోలు. మూడో వంతు తీస్కుంటే 12–15. కాగితం మీద ఇది కరెక్టే. కానీ ఊగే బోటు మీద మొదటిసారి నిలబడే మనిషి 12 కిలోల లాగుడుకు ఆగలేడు, మోకాళ్లు రెయిలింగ్‌కు తగిలి ముందుకు పడతడు. మీరు 8 కిలోలతోని మొదలు పెట్టున్రి. ఒక చేప పడ్డంక, ఒంటికి అలవాటైనంక 10 చేసుకోవచ్చు.

ఇంకో సంగతి చాలమందికి తెలియదు. దారం పోతున్నకొద్ది స్పూల్ చుట్టుకొలత తగ్గుతది, డ్రాగ్ తనంతట తానే పెరుగుతది. నిండు స్పూల్ వ్యాసార్థం 35 మిల్లీమీటర్లు, దారం పోయి 28కి వచ్చిందనుకోన్రి. 10 కిలోలు పెట్టింది 12.5 అయితది. మీరు నాబ్ ముట్టుకోకున్నా సరే. దారం దూరం పోయినప్పుడు ఇంకా బిగించేటోళ్లు ఇక్కడనే ముడి తెంపుకుంటరు.

ధర్మసాగర్_గాలం

దుకాణంల ఒకాయన "జీటీకి డ్రాగ్ పూర్తిగ లాక్ చేసి పెట్టు, ఒక్క మీటరు గూడ ఇయ్యొద్దు" అన్నడు. అదెట్ల?

గోదావరిఖని_రీల్

ఆయన చెప్పిందాంట్ల కారణం ఉన్నది, దారం ఇస్తే చేప రాయిల దూరుతది. కానీ పూర్తిగ లాక్ చేస్తే నాలుగు జాగల ఏదో ఒకటి పోతది: ముడి, స్ప్లిట్ రింగ్, గాలం, రాడ్. పది కిలోలకు జారుతున్న డ్రాగ్‌తోని, పడవ కెప్టెన్ బోటును దిబ్బకు దూరంగ లోతు వైపు నడిపితే చేప గూడ లోతుకే వస్తది. సగం పోరాటం కెప్టెన్‌దే. అందుకని చేప పడంగనే "ఫిష్" అని అరవాలె, మిగిలినోళ్లు దారాలు గబగబ చుట్టుకోవాలె, కెప్టెన్ ఇంజన్ వేస్తడు.

రాడ్‌ను ఆకాశానికి లేపద్దు. కొస భాగం సన్నగ ఉంటది, రాడ్ నిలువుగ లేపితే బరువంతా ఆ కొస మీద పడి విరుగుతది. 45 డిగ్రీల లోపలే ఉంచి, నడుంతోని వెనక్కి వంగి, దించుకుంట చుట్టాలె. నడుముకు జింబల్ బెల్ట్ (రాడ్ అడుగు కొస ఆనించే పట్టీ) తప్పనిసరి. లేకుంటే రాడ్ మడమ తగిలి పొత్తికడుపు కములుతది.

దారం స్పూల్‌కు చుట్టేటప్పుడు గూడ 3–5 కిలోల బిగువు ఉండాలె. ఒకరు తడి గుడ్డతోని దారం పట్టుకోవాలె, ఇంకొకరు చుట్టాలె. వదులుగ చుట్టిన దారం 10 కిలోల లాగుడుకు కింది చుట్లల్లకు దిగబడుతది. తర్వాతి కాస్ట్‌ల అక్కడనే పట్టేస్తది, 150 గ్రాముల పాపర్ గాలిల తెగి పోతది. స్పూల్ అంచుకు 2 మిల్లీమీటర్లు తక్కువ దాకా నింపున్రి.

మానేరు కట్ట

రీల్ అన్న చెప్పినదానికి ముడి కలుపుతా. దారానికి, లీడర్‌కు ఎఫ్‌జీ ముడి. 18–20 చుట్లు, ఒకటి పై నుంచి, ఒకటి కింద నుంచి, చుట్టు పక్కన చుట్టు పడాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. తర్వాత లీడర్, దారం రెండూ కలిపి ఆరు హాఫ్ హిచ్‌లు (చిన్న సగం ముడులు), లీడర్ కొస కత్తిరించి లైటర్‌తో కొద్దిగా కాల్చి గుండు చేయాలి, ఆపై దారం మీదే ఇంకో నాలుగు హిచ్‌లు.

ముడి జారేది చుట్లు తక్కువై కాదు, బిగించక. హిచ్‌లు వేయకముందే ఉమ్మితో తడిపి, చేతులకు గ్లవ్స్ వేసుకుని, దారాన్ని ఒక కర్రకు చుట్టి గట్టిగా లాగాలి. సరిగ్గా బిగిసిందో లేదో కంటికి తెలుస్తుంది: దారం రంగు ముదురుతుంది, చుట్లు పలచగా అణిగి లీడర్‌ను కరుస్తాయి. రంగు మారకపోతే విప్పి మళ్ళీ కట్టండి. ఇంట్లో ఒక్కొక్కరు ఇరవై ముడులు కట్టి, అదే తరాజుకు 15 కిలోల దాకా లాగి చూడండి. ఊగే బోటు మీద, ఎండలో, చెమట చేతులతో కట్టాల్సి వస్తుంది, చేతికి అలవాటు ఉండాలి. మొదటి రోజుకు లీడర్లు ఇంటి నుంచే కట్టి తీసుకుపోతే ఇంకా మంచిది.

మన దగ్గర కాస్టింగ్ ప్రాక్టీస్‌కు మానేరు డ్యామ్ కట్ట మీద జనం లేని చోటు, జనం లేని వేళ చూసుకోండి. గాలాలు తీసేసిన పాపర్‌తో విసరండి, రోజుకు 40 విసుర్లు, అంతకంటే ఎక్కువ వద్దు, మొదటి వారంలోనే భుజం పట్టేస్తుంది. చెరువుల్లో చేపల హక్కు మత్స్య సహకార సంఘాలది. గాలం లేకపోయినా వాళ్లకు ఒక మాట చెప్పండి, వాళ్ల వలల మీద పడకుండా చూసుకోండి. పాకాల వైపు పోవద్దు, అది అభయారణ్యం.

మంచిర్యాల_వాలుగ

జిగ్గింగ్ గురించి. 80 మీటర్ల లోతుకు 200 గ్రాముల జిగ్‌తోని మొదలు పెట్టున్రి. నీటి లాగుడు ఎక్కువుంటే 300. ఎట్ల తెలుస్తదంటే, జిగ్ అడుగుకు తాకినప్పుడు దారం నీళ్లల్ల 45 డిగ్రీల కంటే ఎక్కువ వాలితే జిగ్ తేలికైనట్టు. జిగ్గింగ్‌కు ప్రతి పది మీటర్లకు రంగు మారే దారం కొనున్రి. ఎనిమిది రంగులు పోతే 80 మీటర్లు, లెక్క కళ్లముందే ఉంటది. జిగ్గింగ్ సెట్‌కు పీఈ 4–6.

అడుగుకు తాకంగనే మొదటి ఐదు చుట్లు గబగబ తిప్పున్రి. ఆలస్యమైతే రాళ్లల్ల ఇరుక్కుంటది, జిగ్‌ల పైసలన్నీ సముద్రంపాలు. ఆపై ఒక చుట్టు, ఒక గుంజుడు. అడుగు నుంచి 30 మీటర్లు లేపినంక మళ్ళ దించాలె. డాగ్‌టూత్ ట్యూనా ఎక్కువగ ఆ 30 మీటర్లల్లనే కొడ్తది, కొట్టి నేరుగ కిందికే పోతది. జిగ్‌కు పై కొసన అసిస్ట్ హుక్ (చిన్న దారానికి వేలాడే గాలం) పెట్టున్రి, కింద ట్రెబుల్ (మూడు కొసల గాలం) వద్దు, రాళ్లకు తగులుకుంటది.

జిగ్ దింపేటప్పుడే ఆగిపోయి దారం వదులైతే అది అడుగు కాదు, మధ్యల చేప తీసుకున్నది. వెంటనే చుట్టాలె. కొత్తోళ్లు "అడుగు తగిలింది" అనుకొని ఊకుంటరు.

సొరచేపలు ఎక్కువున్న జాగల పైకి వచ్చే చేపను సగం కొరికేస్తయి. రెండు చేపలు అట్ల పోతే ఆ జాగ వదిలెయ్యాలె. సొర గాలానికి పడితే పైకి తేవద్దు, దారం వీలైనంత దగ్గర కోసెయ్యాలె. తిమింగల సొర, జెయింట్ గ్రూపర్ లాంటివి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్నవి, ఫొటో కోసం గూడ బోట్లకు లాగద్దు.

పరకాల డాక్టర్

వాంతుల సంగతి. సముద్రం కొత్త అయిన నలుగురిలో ఒకరిద్దరికి వచ్చే అవకాశం బాగానే ఉంది. వచ్చాక మాత్ర వేసుకుంటే కడుపులో నిలవదు. మన మందుల షాపుల్లో దొరికే అవోమిన్ (ప్రోమెథజిన్ థియోక్లేట్ 25 మి.గ్రా.) ముందు రోజు రాత్రి ఒకటి, లేదంటే బయలుదేరడానికి గంట, రెండు గంటల ముందు ఒకటి, ఇది మామూలు పద్ధతి. మత్తు వస్తుంది, కాబట్టి ఇంట్లో ఒకసారి వేసుకుని చూడండి. దాంతోపాటు మద్యం వద్దే వద్దు. గ్లాకోమా, ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లు, ఇతర మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడిగాకే.

పొద్దున రెండు ఇడ్లీ, అరటిపండు చాలు. నూనె పూరీలు, ఖాళీ కడుపు రెండూ చేటే. బోటు మధ్యన, వెనక వైపు ఊగుడు తక్కువ. దూరపు అంచును చూడాలి, తల వంచి ఫోన్ చూడకూడదు, ముడులు కట్టకూడదు. పొగ వచ్చే వైపు నిలబడొద్దు. నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, అందులో లీటరు ఓఆర్ఎస్ కలిపినది.

గాలం గుచ్చుకుంటే: పాపర్ గాలం 4/0, 5/0 సైజు, చిన్న గాలంలా దారం వేసి గుంజే పద్ధతి దీనికి పనికిరాదు. ముందు పాపర్‌ను గాలం నుంచి విడదీయండి, ముళ్లు కదలకుండా గుడ్డతో కట్టండి, ఆసుపత్రికి పోండి. శ్రీ విజయపురంలో జీబీ పంత్ ఆసుపత్రి ఉంది. కంటి దగ్గర, మెడ దగ్గర అయితే అసలు ముట్టుకోవద్దు. గాలాన్ని కత్తిరించగల బోల్ట్ కట్టర్ బోటు మీద ఉందో లేదో ముందే అడగండి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు తీసుకున్నారో గుర్తు లేకపోతే పోయేముందే తీసుకోండి. కళ్లకు పోలరైజ్డ్ అద్దాలు ఎండ కోసమే కాదు, ఎగిరొచ్చే పాపర్ నుంచి కూడా కాపాడతాయి.

జగిత్యాల_శాన్ డియాగో

రాత్రి పడవ మీద ఉండే ట్రిప్‌లకు అమెరికాలో పేరున్నది శాన్ డియాగో. అక్కడి పద్ధతులు కొన్ని మీకూ పనికొస్తయి కాబట్టి రాస్తున్న.

అక్కడ పడవలు వంద అడుగులకు అటూ ఇటూ, ఇరవై, ముప్పై మంది, ఐదు రోజుల నుంచి పదహారు రోజుల దాకా మెక్సికో జలాలల్ల తిరుగుతరు. పాస్‌పోర్టు, మెక్సికో లైసెన్సు కావాలె. బయలుదేరే రోజు పొద్దున్నే హార్బర్‌ల బతికున్న సార్డైన్లు తొట్లల్ల నింపుకుంటరు, వేటంతా వాటి మీదనే. సింకర్ (బరువు గుండు) లేకుండ సర్కిల్ హుక్‌కు (కొస లోపలికి వంగిన గుండ్రటి గాలానికి) ముక్కు దగ్గర గుచ్చి, చేప ఈదుకుంట పోనిస్తరు. సర్కిల్ హుక్‌కు రాడ్ గుంజద్దు, దారం బిగిసేదాకా చుట్టితే అదే మూతి మూలల పడుతది. క్లారియన్, సోకోరో దీవులకు ఒకప్పుడు పోయేటోళ్లు, 2017 నవంబర్‌ల మెక్సికో వాటిని జాతీయ పార్కు చేసి వేట ఆపేసింది.

మీరు తీస్కోవాల్సినవి రెండు. ఒకటి, చేప ఎటు పోతే మనిషి అటు నడవాలె, పక్కోని దారం మీది నుంచో కింద నుంచో రాడ్ దాటించుకుంట. నిలబడ్డ కాడనే ఉంటే రెండు దారాలూ కోసుకుంటయి, బ్రెయిడ్ (అల్లిన దారం) ఇంకో బ్రెయిడ్‌ను రాస్తే క్షణంల తెగుతది. రెండు, ట్రోలింగ్‌కు ముందే నంబర్లు వేసుకుంటరు. బోటు పోతున్నప్పుడు వెనక లాగే రాడ్లకు చేప పడితే ఎవరిదో ముందే తెలిసి ఉండాలె. నలుగురు స్నేహితులైనా మొదటి రోజే చీటీలు వేసుకోన్రి, గొడవ ఉండది.

ధర్మసాగర్_గాలం

మస్తు ఉపయోగం అన్నలు. ట్రెబుల్ గాలాలా, సింగిల్ గాలాలా? లగేజీ ఎట్ల? పట్టిన చేప తినొచ్చా?

మానేరు కట్ట

సింగిల్. ఇక్కడ కొందరు ఒప్పుకోరు, ట్రెబుల్‌కు చేప ఎక్కువ పడుతుందంటారు. కొంచెం ఎక్కువే పడుతుంది, నిజమే. కానీ ట్రెబుల్ తీసేలోపు చేప రెండు నిమిషాలు గాలిలో ఉంటుంది, కంటికి కూడా గుచ్చుకుంటుంది. మనుషుల చేతులకూ అదే ప్రమాదం. సింగిల్ ఇన్‌లైన్ గాలం, కొస పక్కన వెనక్కి తిరిగి ఉండే ముల్లు ప్లయర్‌తో నొక్కేసి. దారం బిగువుగా ఉంచితే ముల్లు లేకున్నా పోదు.

లగేజీకి నాలుగు అంగుళాల పీవీసీ పైపు హార్డ్‌వేర్ షాపులో రాడ్ పొడుగుకు కోయించి, రెండు వైపులా మూతలు పెట్టండి. ఒక పైపులో మూడు, నాలుగు రాడ్లు పడతాయి, కొసలకు పాత బనియన్ గుడ్డ చుట్టండి. పైపు పొడుగు ఎయిర్‌లైన్‌కు ముందే ఫోన్ చేసి అడగండి, కొన్ని విమానాల్లో రెండు మీటర్ల పైపు పట్టదు. మూడు ముక్కల ట్రావెల్ రాడ్ అయితే ఈ చిక్కు లేదు. దేశీయ విమానాల్లో మామూలుగా 15 కిలోలే చెక్-ఇన్. పది జిగ్‌లు 300 గ్రాములవైతే మూడు కిలోలు అక్కడే పోయాయి, రెండు పెద్ద రీళ్లు రెండు కిలోల దగ్గర. నలుగురూ కలిపి తూకం వేసుకుని పంచుకోండి. గాలాలు, జిగ్‌లు, ప్లయర్లు, కత్తి చెక్-ఇన్‌లో. పవర్ బ్యాంక్ మాత్రం చేతి సంచిలోనే.

మంచిర్యాల_వాలుగ

తినే సంగతి నేను చెప్త. జీటీని వదిలెయ్యున్రి. పెద్ద పార, పెద్ద బారాకుడా, పెద్ద గ్రూపర్లల్ల పగడపు దిబ్బల విషం చేరి ఉండొచ్చు, సిగ్వాటెరా అంటరు, వండినా పోదు. తినాలనుకుంటే ఒక వంజరమో, చిన్న సూరనో (ట్యూనా) ఉంచుకోన్రి. సూరను పట్టంగనే రక్తం తీసెయ్యాలె, రెండు వైపుల పక్క రెక్క వెనక రెండు వేళ్ల దూరంల కోసి, మొప్పలు గూడ కోసి, ఐస్‌ల పాతిపెట్టాలె. ఉట్టి ఐస్ కంటే రెండు వంతుల ఐస్‌కు ఒక వంతు సముద్రపు నీళ్లు కలిపిన గుజ్జు తొందరగ చల్లబరుస్తది. ఎండల గంట ఉన్న సూరల హిస్టమిన్ పుడుతది, ముఖం ఎర్రబడి దద్దుర్లు వస్తయి. అది గూడ వండితే పోదు.

వదిలే చేపను మొప్పల్ల చెయ్యి పెట్టి వేలాడదీయద్దు. తోక ఒక చేత, పొట్ట కింద ఒక చేత. బరువు తూకం వేయనక్కర్లేదు, టేప్‌తోని తోక చీలిక దాకా పొడుగు, లావు దగ్గర చుట్టుకొలత సెంటీమీటర్లల్ల తీస్కోన్రి. చుట్టుకొలతను చుట్టుకొలతతోని గుణించి, పొడుగుతోని గుణించి, 29,000తోని భాగిస్తే కిలోలు వస్తయి. 110 పొడుగు, 80 చుట్టుకొలత అయితే 24 కిలోల పైన. (గాలం వేట రికార్డులు రాసే అంతర్జాతీయ సంస్థ ఐజీఎఫ్ఏ లెక్కల రికార్డు జీటీ జపాన్‌ల 2006ల పట్టింది, 72.8 కిలోలు.) తల ముందు పెట్టి నీళ్లల్లకు జారవిడిస్తే నోట్ల నీళ్లు పోయి తొందరగ తేరుకుంటది.

లోతుల నుంచి వచ్చిన గ్రూపర్ నోట్ల పొట్ట బయటికి వస్తే దాన్ని పొడవద్దు. మూతికి ముల్లు లేని గాలం తగిలించిన బరువుతోని మళ్ళ లోతుకు దించితే ఉబ్బు తగ్గి ఈదుకుంట పోతది.

ఓరుగల్లు బెండు

తేదీలు ఖాయం చేసే ముందు పంచాంగం చూడున్రి తమ్మీ. అమావాస్య, పున్నమి, ఆ తర్వాతి ఒకటి రెండు రోజులు ఆటుపోటు జోరుగ ఉంటది, జీటీ దిబ్బల అంచుల తిరుగుతది, పాపింగ్‌కు మంచిది. అష్టమి దగ్గర లాగుడు తక్కువ, జిగ్ నిలువుగ దిగుతది. మీ గురి పార కాబట్టి పున్నమి లేదా అమావాస్య వచ్చే మూడు రోజులు పట్టుకోన్రి.

అలల అంచనా మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ) సైట్ల రోజూ దొరుకుతది. ఎత్తు ఒక్కటే చూడొద్దు, అలకూ అలకూ మధ్య సెకన్లు గూడ చూడాలె. మీటరున్నర అల 12 సెకన్లకొకటి వస్తే ఉయ్యాల తీరు ఉంటది, అదే 5 సెకన్లకొకటి వస్తే చిన్న బోటు మీద నిలబడుడే కష్టం. రెండున్నర మీటర్లు చూపిస్తే కెప్టెన్ పోదామన్నా వద్దనున్రి.

ధర్మసాగర్_గాలం

రాసుకున్న అన్నా. ఆఖరుది ఒకటి. సాయంత్రం రీల్ గట్టిగ నీళ్లు కొట్టి కడగాల్నా?

గోదావరిఖని_రీల్

గట్టిగ కొట్టద్దు. పైపు ఒత్తిడికి ఉప్పునీళ్లు సీల్ దాటి లోపలికి పోతయి. డ్రాగ్ నాబ్ పూర్తిగ బిగించి, కుళాయి సన్నగ తిప్పి మంచినీళ్లు పైన పోయున్రి, బకెట్‌ల ముంచద్దు. లైన్ రోలర్ (దారం మీదినుంచి పోయే చిన్న చక్రం) దగ్గర, హ్యాండిల్ దగ్గర వేలితోని తిప్పుకుంట కడగాలె, ఉప్పు పేరుకునేది ఆ రెండు జాగలల్లనే. నీడల ఆరబెట్టి, ఆరినంక నాబ్ వదులు చేయున్రి. బిగించి వదిలేస్తే వాషర్లు అతుక్కుంటయి, తెల్లారి డ్రాగ్ మొదటి లాగుడుకు పట్టేస్తది. పొద్దున జెట్టీ మీద బోటు ఎక్కేముందు తరాజుతోని మళ్ళొకసారి కొలుచుకోన్రి.

ధర్మసాగర్_గాలం

సరే అన్నా. తరాజు రేపే కొంట.